అప్‌డేట్ చేయాలా, ఆగాలా? లినక్స్‌లో ‘స్టేబుల్’ అంటే ఏమిటి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్‌ను పారేయలేక ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నవారున్నారు. తెనాలిలో డీటీపీ షాపు, బాపట్లలో స్కూలు ల్యాబు, రేపల్లెలో నెట్ సెంటరు.. మీరు నడిపేది ఏదైనా సరే, లినక్స్‌కు మారితే త్వరలోనే ఒక సందేహం వస్తుంది. అప్‌డేట్ చేస్తే ప్రింటర్ ఆగిపోతుందేమో! చేయకపోతే హ్యాకర్ల పాలవుతామేమో!

స్టేబుల్ అంటే?

ఇక్కడ స్టేబుల్ అంటే ‘మారనిది’ అని అర్థం. డెబియన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. తెలుగువారి ‘స్వేచ్ఛ’ లినక్స్‌కు, సీ-డాక్ రూపొందించిన ‘బాస్’కు పునాది ఇదే. సుమారు రెండేళ్లకోసారి కొత్త స్టేబుల్ వస్తుంది. డెబియన్ 12 2023 జూన్ 10న, డెబియన్ 13 2025 ఆగస్టు 9న వచ్చాయి. విడుదలయ్యాక అందులోని ప్రోగ్రాముల వెర్షన్లను దాదాపుగా కదిలించరు. నిన్న పనిచేసిన ప్రింటర్ రేపూ పనిచేయాలన్నది ఉద్దేశం.

పాత వెర్షన్ ప్రమాదం కాదా?

అలా అనుకోవడమే పొరపాటు. లోపం బయటపడితే ప్రోగ్రామునంతా మార్చరు. ఆ లోపాన్ని సరిచేసే కొద్దిపాటి కోడ్‌ను పాత వెర్షన్‌లోనే చేరుస్తారు. దీన్ని బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు.

2014 ఏప్రిల్‌లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ లోపమే ఇందుకు ఉదాహరణ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తయారీదారులు దాన్ని సరిచేసి 1.0.1జీ వెర్షన్ ఇచ్చారు. డెబియన్ 7 మాత్రం తన దగ్గరున్న 1.0.1ఈలోనే లోపాన్ని సరిదిద్దింది. వెర్షన్ నంబరు చివర చిన్న తోక మాత్రమే మారింది. కాబట్టి నంబరు పాతదైనంత మాత్రాన రక్షణ లేదని కాదు.

కొత్తదైతే మేలేగా?

అన్నిసార్లూ కాదు. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టారు. అప్పటికే అది డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉన్న విభాగాల్లోకి చేరింది. స్టేబుల్‌లో ఉన్నది పాత 5.4.1 కావడంతో ఆ వినియోగదారులు బయటపడ్డారు.

అలాగని పాతదనానికి మూల్యం లేకపోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన వైఫై పరికరాన్ని, స్కానర్‌ను పాత కెర్నెల్ గుర్తించకపోవచ్చు. బ్రౌజర్ల సంగతి వేరు. వాటిలో పాత కోడ్‌కు మరమ్మతులు చేస్తూ పోవడం కష్టం. అందుకే స్టేబుల్‌లోనూ ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్లు వస్తుంటాయి. అయితే ఏడాదికి పైగా మద్దతు ఉండే ‘ఈఎస్‌ఆర్’ రకాన్ని ఎంచుకుంటారు.

మీరేం చేయాలి?

* భద్రతా అప్‌డేట్లను ఆపొద్దు. వాటంతటవే ఇన్‌స్టాల్ అయ్యేలా పెట్టుకోండి.
* స్టేబుల్ నుంచి తర్వాతి స్టేబుల్‌కు మారడం మాత్రం పెద్ద మార్పు. ఫీజుల గడువు, అడ్మిషన్ల రద్దీ లేని రోజు చూసుకోండి. ఫైళ్ల కాపీ తీసిపెట్టుకుని, ముందు ఒక్క కంప్యూటర్‌లో ప్రయత్నించండి.
* కొత్త వెర్షన్ తప్పనిసరైతే ఆ ఒక్క ప్రోగ్రామునే డెబియన్ ‘బ్యాక్‌పోర్ట్స్’ విభాగం నుంచి తెచ్చుకోండి. ఊరూపేరూ లేని సైట్ల నుంచి వద్దు.
* వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం వాడేవారు వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి.
* మద్దతు ముగిసే తేదీ రాసిపెట్టుకోండి. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై సుమారు రెండేళ్ల దీర్ఘకాల మద్దతు ఉంటాయి. డెబియన్ 12కు ఇది 2028 జూన్ 30 వరకు, డెబియన్ 13కు 2030 జూన్ 30 వరకు. ఆ తేదీ దాటితే లోపాలను సరిచేసేవారు ఉండరు. స్టేబుల్ అన్న పేరు ఉన్నా రక్షణ ఉండదు.