స్వేదనం

పాలలో కలిసిన నీటిని హంస వేరుచేస్తుందని కవులు చెప్పారు. అది కవిసమయం. కాని ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ద్రవాలను వేరుచేసే పని రసాయనశాలలో నిత్యం జరుగుతూనే ఉంటుంది. ఆ పద్ధతినే స్వేదనం అంటారు. స్వేదం అంటే చెమట. చల్లని గాజుగొట్టంలో ఆవిరి చెమట బొట్లవలె చేరడం చూస్తే ఈ పేరు ఎంత తగినదో తెలుస్తుంది.

నీటిలోని ఇసుకను వడపోసి తీసివేయవచ్చు. నూనె నీటిపై తేలుతుంది కనుక దానిని వేరుచేయడమూ కష్టం కాదు. కాని అసిటోన్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. అయినా వాటి మధ్య ఒక భేదం మిగిలే ఉంటుంది. అసిటోన్ 56 డిగ్రీల సెల్సియస్ వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. స్వేదనానికి ఈ భేదమే ఆధారం.

మిశ్రమాన్ని స్వేదన కుప్పెలో సగం వరకు పోసి, రెండు మూడు పింగాణి ముక్కలు వేస్తారు. అవి లేకపోతే మరిగే ద్రవం ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. కుప్పె మూతికి ఉష్ణమాపకాన్ని అమర్చుతారు. దాని బల్బు ద్రవంలో మునగకుండా పక్కగొట్టానికి ఎదురుగా ఉండాలి. బయటికి పోయే ఆవిరి ఉష్ణోగ్రత అప్పుడే తెలుస్తుంది. పక్కగొట్టాన్ని కండెన్సరుకు కలుపుతారు. కండెన్సరు లోపలి గొట్టంలో ఆవిరి, దాని చుట్టూ చన్నీరు ప్రవహిస్తాయి. చన్నీరు కిందినుండి ప్రవేశించి పైనుండి పోవాలి. అప్పుడే గొట్టం చుట్టూ నీరు నిండుగా నిలుస్తుంది.

అసిటోన్ ఆవిరికి సులభంగా నిప్పంటుకుంటుంది. అందువల్ల దగ్గరలో మంట ఉండరాదు. కుప్పెను వేడినీటి పాత్రలో ఉంచి మెల్లగా వేడిచేయాలి. ద్రవం చేరే పాత్ర వద్ద గాలికి దారి వదలాలి. అన్నివైపులా మూసివేస్తే ఆవిరి ఒత్తిడికి గాజు పగిలిపోవచ్చు. ఈ ప్రయోగాన్ని ఉపాధ్యాయుని ఎదుటనే చేయాలి.

ఉష్ణోగ్రత 56 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నంతసేపు చుక్కచుక్కగా చేరేది దాదాపు అంతా అసిటోనే. ఉష్ణోగ్రత పెరగసాగగానే పాత్రను మార్చాలి. తొందరపడి వేడి పెంచితే నీటి ఆవిరి కూడా వెంట వస్తుంది. పడిన శ్రమ వృథా అవుతుంది.

మరుగుస్థానాలు దగ్గరగా ఉన్న ద్రవాలకు ఈ అమరిక చాలదు. అప్పుడు కుప్పెపై గాజుపూసలు నింపిన పొడవైన గొట్టాన్ని నిలుపుతారు. ఆవిరి పూసలపై చల్లబడి ద్రవమై, మళ్ళీ ఆవిరై పైకి పోతుంది. ఇలా పైకి పోయేకొద్దీ ఆవిరిలో ముందుగా మరిగే ద్రవం పాలు హెచ్చుతుంది. దీనిని అంశిక స్వేదనం అంటారు.

గాలిని కూడా ఈ పద్ధతిలోనే విడదీస్తారు. ముందుగా దానిని బాగా చల్లబరచి ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవంలో నైట్రోజన్ మరుగుస్థానం మైనస్ 196 డిగ్రీలు, ఆక్సిజన్ మరుగుస్థానం మైనస్ 183 డిగ్రీలు. నైట్రోజన్ ముందుగా ఆవిరై పైకి పోగా ఆక్సిజన్ అడుగున మిగులుతుంది. ఉక్కు తయారీకి ఆక్సిజన్ చాలా అవసరం. అందుచేత పెద్ద ఉక్కు కర్మాగారాలు దానిని తమ ఆవరణలోనే తయారుచేసుకుంటాయి.

2021 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి విజృంభించినపుడు ఆసుపత్రులలో ఆక్సిజన్‌కు కొరత ఏర్పడింది. అప్పుడు విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకొన్న ట్యాంకర్లు రైలుపై మహారాష్ట్రలోని నాగపూర్, నాసిక్ నగరాలకు వెళ్ళాయి. ఆక్సిజన్‌కు ప్రాణవాయువు అనే పేరు ఎంత సార్థకమో ఆనాడు అందరికీ తెలిసింది. ఆ ప్రాణవాయువును గాలినుండి వేరుచేసిన సూత్రమూ, విద్యార్థి చిన్న గాజుకుప్పెతో నేర్చుకొనే సూత్రమూ ఒక్కటే.