క్రొయేషియన్ భాషా ప్రవేశిక – సంస్కృతజ్ఞుల దృష్టితో

ఐరోపాలో ముద్రితమైన తొలి సంస్కృత వ్యాకరణం 1790లో రోము నగరంలో వెలువడింది. తత్కర్త పావులీనుస్ 1776 నుండి 1789 వరకు మలబారులో నివసించిన క్రైస్తవ సన్యాసి. ఆస్ట్రియాలోని ఒక క్రొయేషియన్ కుటుంబంలో జన్మించిన ఆయన పూర్వనామం ఫిలిప్ వెజ్దిన్. ఆయన పూర్వుల భాష ఎట్టిదో సంస్కృతాధ్యాపకులు తెలిసికొనడం సముచితం.

క్రొయేషియన్ ఇండో-యూరోపియన్ కుటుంబంలోని దక్షిణ స్లావిక్ శాఖకు చెందినది. క్రీ.శ. 1100 ప్రాంతపు బాష్కా శిలాశాసనం గ్లగోలిత్ లిపిలో కలదు. తొలి వ్యాకరణాన్ని బార్తొల్ కాషిచ్ 1604లో ప్రకటించాడు. నేటి లాటిన్ వర్ణమాలకు 1830లో ల్యుదెవిత్ గాయ్ రచించిన పుస్తిక మూలం. అందు వర్ణాలు 30. 'ఏమి' అను ప్రశ్నకు 'ష్తొ', 'చా', 'కాయ్' అను రూపాలను బట్టి మూడు మాండలికాలకు పేర్లు ఏర్పడినవి. మొదటిది ప్రమాణభాషకు ఆధారం. 2013 నుండి ఇది ఐరోపా సమాఖ్య అధికారభాషలలో ఒకటి.

ఉచ్చారణ ప్రాయికంగా లేఖనానుసారి. మన 'చలి'లోని దంత్య చకారం, 'చిలుక'లోని తాలవ్య చకారం వంటి భేదం ఇందునూ కలదు. అచ్చువలె నిలిచే రేఫ మరొక విశేషం: మృత్యువును 'స్మృత్' అంటారు. మహాప్రాణాలు లేవు, కనుక 'భ్రాతా'కు జోడు 'బ్రత్', 'మధు'వుకు జోడు 'మెద్'.

సంబోధనతో కలిపి విభక్తులు ఏడు. పంచమి షష్ఠిలో లీనమైనది. 'బ్రత్' (సోదరుడు), 'బ్రత' (సోదరుని), 'బ్రతు' (సోదరునికి), 'బ్రతె' (ఓ సోదరా), 'బ్రతొమ్' (తృతీయ) – ఇవి ఏకవచన రూపాలు. లింగాలు మూడు, ద్వివచనం లుప్తమైనది. క్రియలో ఉపసర్గ ప్రయోజనం గమనార్హం: 'పిసతి' అనగా వ్రాయుచుండుట, 'నపిసతి' అనగా వ్రాసి ముగించుట.

అస్త్యర్థక ధాతురూపాలు చూడదగినవి: 'యెసమ్, యెసి, యెస్త్, యెస్మొ, యెస్తె, యెసు'. వీటి ప్రక్కన 'అస్మి, అసి, అస్తి. స్మః, స్థ, సంతి' ఉంచితే సామ్యం స్వయంవ్యక్తం.

ఇచ్చట ఒక భ్రమకు తావీయరాదు. ఈ సామ్యం చూచి క్రొయేషియన్ సంస్కృతజన్యమని తీర్మానించుట అసంగతం. రెండును ఒకే ప్రాచీన మూలం నుండి వేర్వేరుగా ప్రవహించినవి. తెలుగులో 'భ్రాత' కలదు, కాని 'అస్మి' రాలేదు. మనం 'ఉన్నాను' అనే అంటాం. పదాలు ఎరువు వచ్చును, క్రియారూపావళి సాధారణంగా రాదు. వేలకొలది తత్సమాలున్న తెలుగు సంస్కృతానికి జ్ఞాతి కాదు. తత్సమాలు లేని క్రొయేషియన్ జ్ఞాతి. భాషాబంధుత్వ నిర్ణయంలో పదసంపద కంటే వ్యాకరణమే బలవత్తర ప్రమాణమని విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణం అరుదు.