ముందు పీఠం, తరువాత దుర్భిణి

నక్షత్రాల ఫొటోలు తీస్తామని మన పిల్లలు దుర్భిణి అడుగుతున్నారు. పెద్ద గొట్టం చూసి మోజుపడవద్దని పెద్దలకు మా మనవి. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. కెమెరా నిమిషంపాటు తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీత అవుతుంది. కనుక ఆకాశంతోపాటు మోటారుతో తిరిగే ఈక్వటోరియల్ పీఠమే ముఖ్యం. దాని ఇరుసును ధ్రువనక్షత్రంవైపు, ఊరి అక్షాంశమంత ఎత్తున నిలపాలి: బెంగుళూరు, చెన్నైలలో సుమారు 13 డిగ్రీలు, యానాంలో 17, బరంపురంలో 19. అంత దిగువన చెట్టో గోడో అడ్డురావచ్చు. ఉత్తరం తెరపిగా ఉన్న మేడ చూసుకోవాలి. పీఠం మోయగల బరువులో సగానికి మించి ఎక్కించకుండుట మేలు. 60–80 మిల్లీమీటర్ల చిన్న కటకపు దుర్భిణి చాలు. చందమామకైతే ఇంత హంగు అక్కరలేదు. చిన్న దుర్భిణికి ఫోను ఆనించినా చిత్రం వస్తుంది. తొలి చిత్రం కుదిరితేనే పిల్లవాని ఉత్సాహం నిలుస్తుంది. లేకుంటే దుర్భిణి అటకెక్కుతుంది.