ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మెదక్ వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు, వాళ్ల ప్రాంతానికే మెతుకుసీమ అని పేరు. పాత వెండి ఫ్లూటు వయసు కనుక్కునేవాళ్లకు అలాంటి మెతుకు గొట్టం మీద చెక్కిన నంబరు. కాకపోతే అది ఏ కుండలోని మెతుకో ముందు తెలియాలి.

మన వెదురు వేణువుకు ఈ తంటా లేదు. మీటలూ లేవు, నంబరూ లేదు. పగిలితే మరో వెదురు కోసుకుంటారు.

ఇవాళ్టి మీటల ఫ్లూటు మ్యూనిక్ నగరంలో థియోబాల్డ్ బోమ్ చేతుల్లో పుట్టింది. ఆయన కంసాలి పని నేర్చినవాడు, పైగా ఆస్థాన వాద్యకారుడు. అంతకుముందు ఫ్లూటుకు రంధ్రాలు వేళ్లు అందే చోట పెట్టేవారు. బోమ్ 1832లో ఆ పద్ధతిని తిరగేశాడు. స్వరం ఎక్కడ కోరితే అక్కడ రంధ్రం పెట్టి, అందని వేళ్లకు మీటలు అమర్చాడు. 1847లో గొట్టాన్ని లోహంతో, పొడవునా ఒకే లావుగా చేసి, ఊదే తలభాగాన్ని మాత్రం చివరికి సన్నబరిచాడు. ఇవాళ సినిమా ఆర్కెస్ట్రాల్లో వినిపించే లోహపు ఫ్లూటు దాదాపు అదే.

ఆ నమూనా చేసే హక్కును పారిస్‌లో కొన్న కంపెనీలో లూయీ లో భాగస్వామి. 1855లో ఆయన వేరుపడి, తన ఫ్లూట్లకు ఒకటి నుంచి నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. 1869లో చేసిన 1375వ ఫ్లూటు అచ్చంగా బంగారంతో చేసింది. 1948లో దాన్ని కరిగించి బంగారం అమ్ముకుందామనుకున్న పాత వస్తువుల వ్యాపారి దగ్గర కొన్నవాడు ఫ్రెంచి వాద్యకారుడు జాన్ పియర్ రాంపాల్. కరిగించి ఉంటే తులాల లెక్క మిగిలేది, అంతే!

చిక్కు ఎక్కడంటే, లూయీ లో 1876లో పని మానుకున్నా ఆయన పేరు మానలేదు. వారసులు 1951 దాకా అదే ముద్ర వేస్తూ వచ్చారు. పేరు చూసి ఆయన చేతి పనే అనుకుంటే మోసపోతాం. అక్కడ నంబరే దిక్కు. కార్ఖానా లెక్కల పుస్తకాలు మిగిలిన చోట నంబరుకు సంవత్సరం దొరుకుతుంది. పుస్తకాలు పోయిన చోట అంచనాలే మిగులుతాయి.

ఇంకో చిక్కు మెదక్ చర్చిలో నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 175 అడుగుల గోపురంతో నిలిచిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కానీ లోపలి రంగు గాజు కిటికీలు మూడూ మూడు కాలాలవి: ఆరోహణం 1927, జననం 1947, శిలువ 1958. ఒక్క కిటికీని చూసి చర్చి వయసు చెప్పగలమా? ఫ్లూటూ అంతే. తల, నడుము, కాలు మూడు ముక్కలు. కొన్ని ఫ్లూట్లలో అన్నిటి మీదా ఒకే నంబరు ఉంటుంది. కలవకపోతే ఎవరో తలభాగం మార్చారని అనుమానించాలి.

నంబరు తడబడినప్పుడు లోహాన్ని అడగాలి. ఇంగ్లండు వెండి ముద్రల్లో ఒక అక్షరం సంవత్సరానికి గుర్తు. ఫ్రాన్సు వెండి మీద 1838 నుంచి కనిపించే మినర్వా తల మాత్రం స్వచ్ఛతనే చెబుతుంది.

లోహమూ తేల్చకపోతే చెవిని అడగాలి. ఇవాళ ఫ్లూటు శ్రుతికి కొలత సెకనుకు 440 కంపనాలు. 1939 లండన్ సమావేశంలో దీన్ని అంగీకరించారు. అంతకుముందు ఇంగ్లండులో సుమారు 452 దాకా ఎక్కించిన 'హై పిచ్' చాలాకాలం నడిచింది. కంపనాలు పెరగాలంటే గొట్టం పొట్టిదవ్వాలి. రెండడుగుల ఫ్లూటు మీద ఆ తేడా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పడుతుంది. ఒక స్థాయి పైన పాడే బుడత పికోలో మీద అందులో సగమే. తలను కాస్త బయటికి లాగి 440కి దించుదామంటే, రంధ్రాల మధ్య దూరాలు మారవు కాబట్టి కొన్ని స్వరాలు మరీ దిగిపోతాయి, కొన్ని పైకే ఉండిపోతాయి. 440కి కట్టిన హార్మోనియం పక్కన ఆ ఫ్లూటు సరిగమలు ఎక్కి దిగడం మొదలుపెట్టగానే గది మొత్తానికి తెలిసిపోతుంది.