ఆ చప్పుడు.. ప్రమాద సూచికే!

* సస్పెన్షన్‌ను విస్మరిస్తున్న వాహనదారులు
* గతుకుల్లో దెబ్బతిన్న భాగాలతో రహదారిపై ముప్పు

కారు గతుకులో పడినప్పుడు కింది నుంచి ‘టక్’మనే చప్పుడు వినిపించినా చాలామంది పట్టించుకోరు. ఇంజిను బాగుంది, బ్రేకులు పడుతున్నాయి, అది చాలనుకుంటారు. కుదుపులు తెలియకుండా చేయడానికే సస్పెన్షన్ ఉందన్న అపోహే ఈ నిర్లక్ష్యానికి మూలం. బ్రేకులు పనిచేయాలన్నా, స్టీరింగు తిప్పిన వైపు బండి మళ్లాలన్నా టైర్లు నేలను అంటిపెట్టుకుని ఉండాలి. ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం సుమారు అరచేయంత. ఆ పట్టు తప్పకుండా కాపాడేది సస్పెన్షనే.

ఎలా పనిచేస్తుంది?

కారు బరువును మోసేవి స్ప్రింగులు. పాత అంబాసిడర్ కార్లకు వెనుక కమాను పట్టీలు ఉండేవి. నేటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల వద్ద కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిపిన ‘స్ట్రట్’ ఉంటోంది. ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు వెంటనే ఆగదు, ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బరులోని పిస్టను నూనెను సన్నని రంధ్రాల గుండా నెడుతూ ఆ ఊపును అణచివేస్తుంది. చక్రాన్ని దాని స్థానంలో పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. ఇది ఒక చివర రబ్బరు బుష్‌ల ద్వారా బండి చట్రానికి, మరో చివర బాల్ జాయింటు ద్వారా చక్రం అమరికకు కలిసి ఉంటుంది.

ఏది పాడైతే ఏ ముప్పు?

షాక్ అబ్జార్బరు నూనె కారి బలహీనపడితే గతుకుల్లో టైరు ఎగిరెగిరి పడుతుంది. టైరు గాలిలో ఉన్న క్షణంలో బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. బండి ఆగే దూరం పెరుగుతుంది. స్ప్రింగు విరిగితే కారు ఒక పక్కకు ఒరుగుతుంది. విరిగిన మొన తగిలి టైరు కోసుకుపోయే ప్రమాదమూ ఉంది. బుష్‌లు అరిగితే బండి ఒక వైపునకు లాగుతుంది, టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి.

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది బాల్ జాయింటు ఊడిపోవడం. దానిపై ఉండే రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు బయటకు పోయి దుమ్ము, నీరు లోపలికి చేరతాయి. లోపలి ఉక్కు గుండు అరిగి వదులై, చివరకు ఊడి వచ్చేస్తుంది. చక్రం పక్కకు వాలిపోయి స్టీరింగుపై అదుపు తప్పుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు వెళుతుంది. అప్పుడు చోదకుడికి ఆలోచించే వ్యవధి ఉండదు.

దెబ్బ ఒకచోట.. విరిగేది మరోచోట

వర్షాకాలంలో నీరు నిండిన గుంతలు, ఎత్తు మితిమీరిన స్పీడ్ బ్రేకర్లు సస్పెన్షన్‌ను దెబ్బతీస్తాయి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. గ్రామాల్లో స్థానికులే పోసుకునే సిమెంటు దిమ్మెలు ఈ కొలతలకు అందవు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించి, పైన సామాను కట్టడంతో భారం మరింత పెరుగుతుంది. ఊరి దారిలో నెమ్మదిగా వెళుతున్నప్పుడు పగిలిన భాగం అప్పుడే విరగకపోవచ్చు. అదే కారు నున్నని జాతీయ రహదారిపై వేగం అందుకున్నాక అది తెగితే ప్రాణాల మీదకు వస్తుంది.

తనిఖీ బాధ్యత యజమానిదే

అద్దె, రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్లు ముగిసే వరకు అలాంటి పరీక్ష లేదు. అరుగుదల వల్ల పాడైన భాగాల ఖర్చును సాధారణ మోటారు బీమా భరించదు.

తయారీ లోపాలూ ఉంటాయి. 2013లో ఫోర్డ్ ఇండియా వెనుక సస్పెన్షన్‌లోని ట్విస్ట్ బీమ్, పవర్ స్టీరింగ్ గొట్టాల తనిఖీ కోసం సుమారు 1.66 లక్షల ఫిగో, క్లాసిక్ కార్లను వెనక్కి పిలిపించింది. లోపాలున్న వాహనాల రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్ర ప్రభుత్వానికి కల్పించింది. సంస్థ నుంచి రీకాల్ సమాచారం అందితే అశ్రద్ధ చేయరాదు.

ఇవి గమనించండి

* కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకటి రెండు ఊపులతో ఆగాలి. అంతకు మించి ఊగితే షాక్ అబ్జార్బర్లు చూపించాలి.
* షాక్ అబ్జార్బరుపై నూనె మరకలు, బాల్ జాయింటుపై చిరిగిన తొడుగు కనిపిస్తే ఆలస్యం చేయరాదు.
* పెద్ద గుంతలో పడ్డాక స్టీరింగు వంకరగా నిలిచినా, కొత్త చప్పుడు మొదలైనా బండిని పైకెత్తించి పరిశీలింపజేయాలి.
* షాక్ అబ్జార్బర్లను, స్ప్రింగులను జతగా మార్చాలి. లోయర్ ఆర్మ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.
* గుంత తప్పదనుకుంటే ముందే వేగం తగ్గించాలి. చక్రం అందులో దిగే సమయానికి బ్రేకు వదలాలి. లేదంటే ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుని ఉండి దెబ్బ పెరుగుతుంది.

దారిలో విఫలమైతే..

స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. ఒక్కసారిగా బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు వదిలి వేగం తగ్గనివ్వాలి. హెచ్చరిక దీపాలు వేసి ఎడమ అంచుకు చేర్చాలి. ‘దగ్గరే కదా’ అని అలాగే నడపకుండా మరో వాహనంపై తరలించాలి. జాతీయ రహదారిపై 1033 నంబరుకు ఫోన్ చేసి సాయం కోరవచ్చు. ఎవరైనా గాయపడితే 108కు సమాచారం ఇవ్వాలి.

అరిగిన బాల్ జాయింటును మార్చడం మెకానిక్‌కు పెద్ద పనేమీ కాదు. కొత్త చప్పుడు విన్న రోజునే బండిని చూపించుకుంటే పెను ప్రమాదాన్ని నివారించవచ్చు.