అరిగిన బిళ్ళ ఎవరిది?

కృష్ణా నది దగ్గర ఒక పల్లె. వేసవిలో చెరువు పూడిక తీస్తున్నారు. ఆడవాళ్ళు గంపలతో మట్టి మోస్తున్నారు. ఒకామె గంపలో మట్టితో పాటు ఒక బిళ్ళ పడింది. బూడిద రంగులో ఉంది. చిన్నదే గాని బరువుగా ఉంది.

"ఇదేంటి వదినా?" అని అడిగింది.

"సీసం ముక్కలా ఉందే. పాత సామాన్లు కొనేవాడికి వేస్తే కాసిని ఉల్లిపాయలు ఇస్తాడు" అంది వదిన.

ఆమె బిళ్ళను కొంగున కట్టుకుంది. ఇంటికి పోయి చింతపండుతో తోమబోయింది. అంతలో బిళ్ళ అంచున ఏవో గీతలు కనిపించాయి. అక్షరాల్లా ఉన్నాయి. ఆమె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. అక్షరం కనిపిస్తే వదలదు. తోమడం ఆపేసింది.

మర్నాడు వదినను వెంటబెట్టుకుని మండలం ఊరికి వెళ్ళింది. అక్కడ పాత నాణేలు పోగుచేసే మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన బిళ్ళను చూశారు.

"తోమకుండా తెచ్చి మంచి పని చేశావమ్మా. పులుపు సీసాన్ని తినేస్తుంది. తోమి ఉంటే ఈ నాలుగు గీతలూ పోయేవి" అన్నారు.

ముందు ఏం చూస్తారు?

మొదట లోహం చూస్తారు. ఇది సీసం. మన ప్రాంతాన్ని సుమారు రెండు వేల ఏళ్ళ కిందట శాతవాహన రాజులు పాలించారు. వారు సీసంతో చాలా నాణేలు వేయించారు. రాగితోనూ, వెండితోనూ కూడా వేయించారు.

తర్వాత తూకం వేస్తారు. అడ్డం కొలుస్తారు. ఆ తర్వాత బొమ్మలు చూస్తారు.

బిళ్ళకు ఒక పక్క వంపులు ఉన్నాయి. బోర్లించిన చిప్పల్లా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. ఇది కొండ గుర్తు. రెండో పక్క కూడిక గుర్తు ఉంది. దాని నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు ఉండాలి. రెండు అరిగిపోయాయి. రెండే మిగిలాయి. దీన్ని ఉజ్జయిని గుర్తు అంటారు. ఈ రెండు గుర్తులూ శాతవాహనుల నాణేల మీద తరచు కనిపిస్తాయి.

వంశం తెలిసింది. మరి రాజు ఎవరు? అది అక్షరాలే చెప్పాలి.

అక్షరాలు ఎలా చదివారు?

మాస్టారు గది చీకటి చేశారు. టార్చిలైటు వెలుగు పక్క నుంచి, ఏటవాలుగా వేశారు. అరిగిన గీతల పక్కన సన్నని నీడ పడింది. అంచున మూడు అక్షరాలు తేలాయి.

అవి మన తెలుగు అక్షరాలు కావు. బ్రాహ్మి అక్షరాలు. మన తెలుగు లిపి ఆ బ్రాహ్మి నుంచే పుట్టింది. బ్రాహ్మిలో 'క' అక్షరం అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. నాణేల మీద మాటలు ప్రాకృత భాషలో ఉంటాయి.

మాస్టారు చదివారు: "సా... త... క..."

"సాతకణి అని ఉండాలమ్మా. అంటే శాతకర్ణి. కాని చిక్కేమిటంటే, ఆ వంశంలో శాతకర్ణి పేరు గల రాజులు చాలామంది ఉన్నారు."

"మరి ముందున్న అక్షరాలు ఏమయ్యాయి మాస్టారూ?" అని ఆమె అడిగింది.

మంచి ప్రశ్న. కొన్ని అరిగిపోయాయి. కొన్ని అసలు పడనే లేదు. ఆ రోజుల్లో అచ్చు పెద్దదిగా ఉండేది. బిళ్ళ చాలాసార్లు చిన్నదిగా ఉండేది. అందుకని పేరు మొత్తం ఒకే బిళ్ళ మీద పడడం అరుదు. ఒక బిళ్ళ మీద మొదటి అక్షరాలు పడితే, ఇంకో దాని మీద చివరి అక్షరాలు పడేవి.

నలుగురూ కలిస్తే

మాస్టారు బిళ్ళకు రెండు పక్కలా ఫోటోలు తీశారు. తూకం, కొలత రాశారు. నాణేలు పోగుచేసే స్నేహితులకు పంపారు.

ఒకాయన దగ్గర అదే కొండ గుర్తు ఉన్న సీసం నాణెం ఉంది. దాని మీద "రఞో గోతమిపుతస" అని ఉంది. అంటే "రాజు గౌతమీపుత్రుని యొక్క" అని అర్థం. ఇంకొకాయన నాణెం మీద "పుతస సిరి యఞ సా" అని ఉంది. సిరి అంటే శ్రీ. యఞ అంటే యజ్ఞ.

చినిగిన కాగితం ముక్కలు అతికినట్టు మూడూ కలిపి చూశారు. "రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస." అంటే, గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి రాజు నాణెం అన్నమాట.

కాని మూడో స్నేహితుడు ఒప్పుకోలేదు. "కొండ గుర్తు ఒక్కటే సాక్ష్యం కాదు. వాసిష్ఠీపుత్రులైన రాజులూ అదే గుర్తు వేయించారు. వారిలోనూ శాతకర్ణి ఉన్నాడు. మీ బిళ్ళ మీద 'సా'కు ముందు ఏముందో మళ్ళీ చూడండి" అన్నాడు.

మాస్టారు మళ్ళీ వెలుగు వేశారు. బిళ్ళను మెల్లగా తిప్పారు. 'సా'కు ముందు ఒక నిలువు గీత, దాని పక్కన చిన్న వంపు కనిపించాయి. అది 'ఞ' అక్షరంలో మిగిలిన ముక్క! చ ఛ జ ఝ తర్వాత నేర్చుకుంటామే, ఆ 'ఞ'. మనం ఎప్పుడో గాని వాడం. ఆ సగం అక్షరమే ఇక్కడ రాజు పేరు తేల్చింది. యజ్ఞశ్రీ సుమారు 1,800 ఏళ్ళ కిందటి రాజు.

ఆ అక్షరం కూడా అరిగి ఉంటే? అప్పుడు "శాతవాహనుల నాణెం, రాజు తెలియదు" అని రాసి ఊరుకోవాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకూడదు.

తల్లి పేరు

ఇంకో సంగతి గమనించారా? గౌతమీపుత్రుడు అంటే గౌతమి కొడుకు. వాసిష్ఠీపుత్రుడు అంటే వాసిష్ఠి కొడుకు. రాజులు తమ పేరుకు ముందు తల్లి పేరు పెట్టుకున్నారు. ఆ తల్లి పుట్టింటి గోత్రాన్ని బట్టి ఆ పేరు వచ్చేది. ఒకే పేరున్న రాజుల్లో ఎవరు ఎవరో తెలుసుకోవడానికి ఈనాడు ఆ తల్లుల పేర్లు ఎంతో సాయపడుతున్నాయి.

కరిగిస్తే ఏం పోతుంది?

గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరు ఉంది. అది ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, సమగోప అనే రాజుల పేర్లు ఉన్నాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి లోకానికి చెప్పారు. ఆ రాజుల సంగతి నాణేల వల్లే తెలిసింది. ఆ బిళ్ళలను ఎవరైనా కరిగించి ఉంటే ఆ పేర్లు కూడా కరిగిపోయేవి.

చట్టం ఏం చెబుతుంది?

భూమిలో దొరికే నిధుల గురించి 1878లోనే చట్టం వచ్చింది. పది రూపాయల కన్నా విలువైన పాత వస్తువు భూమిలో దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకుంటే డబ్బు చెల్లించే పద్ధతి ఆ చట్టంలో ఉంది. దాచిపెడితే దొరికినవారి వాటా పోతుంది. శిక్ష కూడా ఉంది.

ఆమె ఈ సంగతి విని కాగితం అడిగింది. ఏ చెరువులో, ఏ రోజున, ఎంత లోతులో దొరికిందో తన చేత్తోనే రాసింది. కింద సంతకం పెట్టింది. వదిన కూడా సాక్షి సంతకం పెట్టింది. ఇద్దరూ వెళ్ళి కాగితాన్నీ, బిళ్ళనూ తహసీల్దారుకు ఇచ్చి, కలెక్టరుకు పంపమని కోరారు. రసీదు తీసుకున్నారు.

గుర్తుంచుకోండి

పాత బిళ్ళ దొరికితే చింతపండుతో, బూడిదతో తోమకండి.

కరిగించకండి. సీసం పొగ విషం.

పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. సీసం ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ఎక్కడ దొరికిందో వెంటనే రాసి పెట్టండి.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఎప్పుడైనా పాత బిళ్ళలు, పెంకులు దొరికాయా? అవి ఏమయ్యాయి?

మీ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు మీకు తెలుసా? రాయండి.