'డిమిన్యుటివ్' పదము : అర్థము, ప్రయోగము

ఆంగ్లమున చిన్నదనమును దెలుపు విశేషణములు పెక్కులు గలవు. వానిలో 'డిమిన్యుటివ్' అను పదమును తెలుగు చేయునపుడు పొరపాటునకు ఎక్కువ ఎడము కలదు. కావున దాని స్వరూపమును సంగ్రహముగా నిరూపింపబూనుచున్నాము.

తగ్గించుట యను నర్థముగల లాటిన్ క్రియనుండి యీ పదము పుట్టినది. ఆంగ్లమున నిది మొదట వ్యాకరణ పరిభాష. నామముపై ప్రత్యయము చేర్చి చిన్నదనమునుగాని ముద్దునుగాని తెలుపు శబ్దమునకు ఈ పేరు. 'డక్' అనగా బాతు. 'డక్లింగ్' అనగా బాతుపిల్ల. పరిమాణవిశేషణముగా వాడుక పిదప వచ్చినది. షేక్స్పియరు 'మాక్బెత్' నాటకమున నొక చిన్నిపిట్టను గూర్చి దీనిని ప్రయోగించెను.

పాణినియు అల్పార్థమున, హ్రస్వార్థమున ప్రత్యయములను విధించెను. 'కుటీ' శబ్దముపై 'ర' ప్రత్యయము చేరగా చిన్నగుడిసె యను నర్థమున 'కుటీర' మైనది. తెలుగున నీ పనిని ప్రత్యయముకంటె పూర్వపదమే యెక్కువగా నిర్వహించును : చిఱునవ్వు, పిల్లకాలువ, గున్నమామిడి.

ఇక ప్రయోగము. 'స్మాల్' ప్రధానముగా కొలతను చెప్పును. 'లిటిల్' దానికి వక్తయొక్క ప్రేమనో, జాలినో, చులకననో చేర్చును. 'డిమిన్యుటివ్' అనునది సామాన్యపరిమాణముతో పోల్చిచూడగా మిక్కిలి చిన్నది యని తెలుపును. మనుష్యులయెడ నిది పొట్టితనమును, చిన్న దేహమును సూచించునేకాని గుణమును సూచింపదు.

చిక్కంతయు నిచ్చటనే కలదు. 1965 నాటి యుద్ధకాలమున దేశమును నడిపిన లాల్ బహదూర్ శాస్త్రిగారిని ఆంగ్లరచయితలు పలువురు ఈ విశేషణముతో వర్ణించిరి. ఆయన దేహము చిన్నదనియే వారి భావము. దానిని 'అల్పుడు' అని తెనిగించినచో, తెలుగున ఆ శబ్దము మనుష్యునియెడ నీచత్వమును దెలుపును గావున, దేహమునుగూర్చిన మాట శీలమునకు తగులును. 'పొట్టివాడు' అన్నచో అర్థము కుదురునుగాని మర్యాద లోపించును. 'వామనమూర్తి' యన్నచో మూడడుగుల కథ స్ఫురించి, మూలమున లేని మహిమ వచ్చి చేరును. 'చిన్న విగ్రహము గలవారు' అనుట అర్థమునకును గౌరవమునకును సరిపోవునని మా యభిప్రాయము.

తెలుగునుండి ఆంగ్లమునకు పోవువారికిని ఒక జాగ్రత్త యవసరము. పొట్టి శ్రీరాములుగారి పేరు మొదటనున్న 'పొట్టి' యింటిపేరు, కొలత కాదు.

నిఘంటువు పదమున కర్థము నిచ్చును. ఆ యర్థము మన భాషలో ఎవరికి తగులునో చూచుకొనవలసిన భారము అనువాదకునిదే.